క్రాన్‌మీర్ గూట్లో వదిలిన పోస్టుకార్డు

డార్ట్‌మూర్‌లో లెటర్‌బాక్సింగ్ అని పెట్టెలు వెతికే ఆట ఒకటి ఉంది. అలా దాచిన పెట్టె దొరికితే ఏమి చేయాలో ముందే చెప్పేస్తాను. మూత తీసి, లోపలి రబ్బరు స్టాంపును మన పుస్తకంలో వేసుకోవాలి. మన స్టాంపును దాని పుస్తకంలో వేయాలి. మళ్లీ మూత పెట్టి, ఏ రాయి కింద దొరికిందో ఆ రాయి కిందే దాచి వచ్చేయాలి. ఇంటికి తెచ్చుకునేది ఏమీ ఉండదు. "దీని కోసమా ఇంత దూరం?" అని మొదటి రోజు ఉదయం అడిగింది నేనే. మూడో రోజు మోకాళ్ల దాకా నల్ల బురదతో, ఇంకో పెట్టె వెతుకుదామని పట్టుబట్టిందీ నేనే. మధ్యలో ఏమి జరిగిందో మా మరదలు నాకంటే బాగా చెబుతుంది గానీ ఆమెకు రాసే ఓపిక లేదు.

డార్ట్‌మూర్ ఇంగ్లండ్ నైరుతి మూలన, డెవన్ కౌంటీలో ఉంది. 1951 నుంచి జాతీయ ఉద్యానవనం, విస్తీర్ణం 954 చదరపు కిలోమీటర్లు. ఉద్యానవనం అనగానే చెట్లూ పూలబాటలూ ఊహించుకోవద్దు. పైభాగమంతా చెట్టు లేని గడ్డి మెట్ట. గుట్టల నెత్తిన ఎవరో తీరిగ్గా పేర్చిపెట్టినట్టు గ్రానైట్ బండలు. వీటిని టార్‌లు అంటారు. అన్నిటికంటే ఎత్తైన హై విల్‌హేస్ 621 మీటర్లే. కానీ ఆ ఎత్తులోనే నాలుగు కాలాలూ ఒక్క పూటలో చూపిస్తుంది.

ఈ ఆట పుట్టింది ఇక్కడే. చాగ్‌ఫర్డ్ ఊరి జేమ్స్ పెరట్ కొత్తవాళ్లకు ఈ మెట్టల్లో దారి చూపేవాడు. 1854లో ఆయన, చేరడానికి బాగా కష్టమైన క్రాన్‌మీర్ పూల్ అనే చోట ఒక సీసా పెట్టాడు. అంత దూరం నడిచి వచ్చినవాళ్లు తమ పేరు రాసిన కార్డు అందులో వేసి వెళ్లేవారు. తర్వాతి కాలంలో జనం తమ చిరునామాకే రాసుకున్న పోస్టుకార్డులు అక్కడ వదలడం, వెనక వచ్చినవాళ్లు వాటిని తీసుకెళ్లి తపాలాలో వేయడం అలవాటైంది. లెటర్‌బాక్సింగ్ అన్న పేరు అలా వచ్చింది. ఇప్పుడు ఈ మెట్టల నిండా వేల పెట్టెలున్నాయి. వంద దొరికినవాళ్లకు '100 క్లబ్' అని ఒక సంఘం ఉంది. పెట్టెలు ఎక్కడున్నాయో సూచించే ఆధారాల జాబితా అచ్చువేసేది ఆ సంఘమే.

మేము నలుగురం: నేను, తమ్ముడు, మరదలు, వాళ్ల పదకొండేళ్ల అమ్మాయి. ఆగస్టు చివరి వారం. ఎక్సెటర్ నుంచి ఓక్‌హాంప్టన్‌కు రైలు, నలభై నిమిషాల ప్రయాణం. ఈ మార్గంలో రోజువారీ రైళ్లు 1972లో ఆగిపోయి, 2021 నవంబరులో మళ్లీ మొదలయ్యాయి. గంటకొకటి ఉంది, శుభ్రంగా ఉంది, సమయానికే వచ్చింది. పేచీ ఎక్కడంటే స్టేషను ఊరికి పైన, గుట్ట వారన ఉంది. ఊళ్లోకి దిగేటప్పుడు సామాను పెట్టెలు వాటంతటవే దొర్లుతాయి, తిరుగు ప్రయాణంలో మనమే వాటిని ఎక్కించాలి. బస్సు టికెట్టు ఇంగ్లండ్‌లో చాలా మార్గాల్లో ఒకవైపుకు 3 పౌండ్లు మించదు కాబట్టి ఖర్చు గురించి దిగులు లేదు, బస్సు గురించే దిగులు. మెట్టల మీది ఊళ్లకు ఆదివారం బస్సును నమ్ముకుని బయలుదేరకండి. టాక్సీ కూడా ముందురోజే చెప్పుకుంటేనే వస్తుంది.

మొదటి రెండు రాత్రులు ఓక్‌హాంప్టన్‌లో ఒక చిన్న అతిథి గృహంలో దిగాం. గదులు ఇరుకు, మెట్లు నిటారు. అయినా నూటికి తొంభై మార్కులు వేస్తాను, ఒకే ఒక్క కారణంతో. కింద, వెనకవైపు, తడి బట్టలూ బూట్లూ ఆరబెట్టే గది ఉంది. వేడి గొట్టాల మీద నాలుగు జతల బూట్లు బోర్లించి పడుకుంటే పొద్దుటికి కాలు పెట్టగలిగేలా ఉన్నాయి. డార్ట్‌మూర్‌లో బస వెతికేవాళ్లు కిటికీలోంచి ఏమి కనిపిస్తుందో తర్వాత అడగవచ్చు. ముందు ఈ గది ఉందా అని అడగండి.

తమ్ముడికి గుడారం వేయాలని కోరిక. నిజానికి ఇక్కడి ఉమ్మడి భూముల్లో గుడారం వేసుకునే హక్కు మీద పెద్ద వ్యాజ్యమే నడిచి, 2025 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ హక్కు ఉందని తేల్చింది. "కోర్టే ఒప్పుకుంది కదా అన్నయ్యా" అన్నాడు. నా నడుము ఒప్పుకోలేదు.

తొలి వేట బెల్‌స్టోన్‌లో. ఓక్‌హాంప్టన్‌కు తూర్పున, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న పల్లె. కొత్తవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలని నా సలహా. గుట్ట దగ్గర, దారి స్పష్టం, దారి తప్పినా పల్లె కనిపిస్తూనే ఉంటుంది. పైకి వెళ్లే తోవలో 'నైన్ మెయిడెన్స్' అనే పాత రాళ్ల వలయం ఉంది. పవిత్రమైన రోజున నాట్యమాడినందుకు తొమ్మిది మంది కన్యలు రాళ్లయిపోయారట. మా అమ్మాయి లెక్కపెట్టి, "పెదనాన్నా, తొమ్మిది కాదు, చాలా ఎక్కువ ఉన్నాయి" అంది. చూడటానికి వచ్చినవాళ్లు కూడా నాట్యంలో కలిసి ఉంటారులే అన్నాను. ఇలాంటి పురాతన కట్టడాల్లో, పాత గోడల్లో పెట్టెలు దాచకూడదన్నది ఈ ఆట నియమం. కాబట్టి ఆ రాళ్లను కదిపే పని ఎవరికీ లేదు.

ఆధారం ఎలా ఉంటుందంటే, ఫలానా టార్ ఇన్ని డిగ్రీల్లో, ఫలానా శిఖరం ఇన్ని డిగ్రీల్లో కనిపించే చోట నిలబడు, అక్కడి నుంచి ఇన్ని అడుగులు, పెద్ద బండకు కింద. చదివినంత తేలిక కాదు. దిక్సూచి తమ్ముడి చేతిలో, ఆధారం చదవడం మరదలి పని, అడుగులు నావి. ఇరవై రెండు అడుగులు వేసి నిలబడితే నడుమెత్తు ఫెర్న్ పొదల మధ్య ఉన్నాను, బండ లేదు. "బావగారూ, పెట్టె దాచినవాళ్లు మీ అంత పొడుగు కాదేమో" అంది మరదలు. అమ్మాయిని నడిపించాం. ఆమె ఇరవై రెండో అడుగు సరిగ్గా ఒక బండ పక్కన పడింది. మిగతా ముగ్గురం చుట్టూ మోకరిల్లి వెతికాం. దొరికింది మళ్లీ ఆమెకే. అన్ని రాళ్ల మీదా నాచు పైవైపున ఉంటే, ఒక పలక రాయికి మాత్రం అడుగువైపున ఉంది. అంటే ఎవరో తీసి, తిరగేసి పెట్టారన్నమాట.

లోపల రెండు సంచుల్లో చుట్టిన ప్లాస్టిక్ డబ్బా. అరచేతిలో పట్టే నోటు పుస్తకం, అంచులు చెమ్మకు ఉబ్బి ఉన్నాయి. డబ్బాలోని ఇంకు ఎండిపోయింది, మా ప్యాడ్ పనికొచ్చింది. అమ్మాయి పెన్సిల్ రబ్బరును బ్లేడుతో చెక్కి తన స్టాంపు తయారు చేసుకుంది. పిట్ట బొమ్మ, కింద తన పేరులో మొదటి అక్షరం 'మీ'. గట్టిగా అదిమి ఎత్తితే పిట్ట చక్కగా పడింది, 'మీ' మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడింది. చెక్కేటప్పుడు అక్షరాన్ని తిప్పాలని మా నలుగురిలో ఒక్కరికీ తోచలేదు. కన్నీళ్లు పెట్టుకోబోయి, పుస్తకంలో పాత పేజీలు తిప్పుతూ ఇంకెవరిదో తిరగబడిన అక్షరం కనిపించగానే నవ్వేసింది.

అక్కడే ఒక ముసలి దంపతులు కలిశారు. ఇద్దరి మెడల్లో దిక్సూచులు, చేతుల్లో ముద్రలతో నిండిన పుస్తకాలు. మా అమ్మాయి స్టాంపు అడిగి తమ పుస్తకంలో వేయించుకున్నారు. బదులుగా తమది వేశారు. కాసేపయ్యాక పెద్దాయన గొంతు తగ్గించి, జాబితాలో లేని ఒక పెట్టె ఎక్కడుందో చెప్పాడు. అచ్చులో రానివ్వకుండా నోటిమాటగా మాత్రమే అందించే పెట్టెలు కొన్ని ఉంటాయి. మనిషి ఎదురుపడి, ఇతరుల పెట్టెలను పాడుచేయడన్న నమ్మకం కుదిరితేనే చెబుతారు. మూడు రోజుల్లో నాకు దక్కిన బహుమానాల్లో దానినే మొదట పెడతాను. ఆ పెట్టె దొరికింది. ఎక్కడో రాయను.

రెండో రోజు క్రాన్‌మీర్. అది సైన్యం తుపాకీ కాల్పులు సాధన చేసే ప్రాంతంలో ఉంది. కాల్పుల వేళలు ముందుగా ప్రకటిస్తారు, ఆ రోజుల్లో గుట్టల మీద ఎర్ర జెండాలు ఎగురుతాయి, సరిహద్దు వెంట ఎర్ర, తెలుపు స్తంభాలుంటాయి. జెండా ఉంటే వెనక్కి తిరగడమే. ఓక్‌హాంప్టన్ పైనున్న సైనిక శిబిరం నుంచి రానూపోనూ పదిహేను కిలోమీటర్లు పైమాటే. సైనికుల రాళ్ల బాట ఉన్నంతవరకు హాయి. బాట వదిలాక పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలు పేరుకున్న నల్లటి మెత్తటి నేల. తేమకు నానిన స్పాంజి మీద నడిచినట్టుంటుంది. పైకి పచ్చగా నవనవలాడే చోటే కాలు దిగబడుతుంది. ఫోనుకు సిగ్నల్ లేదు. కాగితపు పటమే దిక్కు. బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఓఎల్28 పటం కొనుక్కోండి, మేము కొన్నందుకు రెండుసార్లు బతికిపోయాం.

పూల్ అన్న పేరే గానీ నీళ్లుండవు. పీట్ మధ్య ఒక గుంట, అంతే. ఓక్‌హాంప్టన్ పాత మేయరు ఒకడి ఆత్మ జనాన్ని పీడిస్తుంటే, ఈ కొలనును జల్లెడతో తోడి ఖాళీ చేయమని శిక్ష వేశారని కథ. వాడు దారిలో దొరికిన గొర్రెతోలును జల్లెడకు పరిచి మొత్తం తోడేశాడట, ఆ నీళ్లకు కింద ఊరు మునిగిందట. గుంటలో 1937లో స్థానిక పత్రిక పూనుకుని చందాలతో కట్టించిన రాతి గూడు ఉంది, దానికి తలుపు, లోపల స్టాంపు, పేర్ల పుస్తకం. తలుపు తీసేసరికి పుస్తకం కింద రెండు పోస్టుకార్డులు. ఒకదాని మీద తపాలా బిళ్ల లేదు. మరదలు తన పర్సులోంచి తీసి అంటించింది. వాటిని మేము తీసుకుని, మా చిరునామా రాసుకున్న కార్డు అక్కడ పెట్టాం. అమ్మాయి దాని మీద పిట్టను వేసింది, ఈసారి 'మీ'ని వేలితో మూసి.

మూడో రోజు ప్రిన్స్‌టౌన్‌కు మారడం పొరపాటు. నెపోలియన్ యుద్ధాల ఖైదీల కోసం కట్టిన చెరసాల ఊరు అది, ఎత్తులో, గాలికి ఎదురుగా ఉంటుంది. ఒక సత్రంలో పై గది తీసుకున్నాం. వంటగది ఎనిమిదికి మూసేస్తామని తలుపు మీద రాశారు, బుకింగ్ కాగితంలో రాయలేదు. మేము చేరింది ఎనిమిదీ పదికి. బిస్కెట్లతో పడుకున్నాం. బూట్లు ఆరబెట్టే చోటు అడిగితే కిటికీ చూపించారు.

అక్కడికి మారింది దక్షిణాన డక్స్ పూల్ కోసం. డార్ట్‌మూర్‌ను అణువణువూ నడిచి రాసిన విలియం క్రాసింగ్ స్మృతిగా 1938లో పెట్టిన పెట్టె అది. నన్స్ క్రాస్ అనే పాత రాతి శిలువ దాటామో లేదో పొగమంచు దిగింది. పక్కనే ఫాక్స్ టార్ ఊబి నేలలు. ఇంకొకటి, ఒక్కటే అని నేను అంటుంటే తమ్ముడు పటం మడిచి సంచిలో పెట్టేశాడు. అతని నిర్ణయమే సరైనది. ఆ దారికి మళ్లీ వెళ్లేటప్పుడు కూడా ఓక్‌హాంప్టన్‌లోనే దిగి, పొద్దున్నే టాక్సీ చెప్పుకుంటాం.

తెచ్చిన రెండు కార్డులనూ ఎక్సెటర్ స్టేషను బయట తపాలా పెట్టెలో అమ్మాయే వేసింది. మా కార్డు మాత్రం ఇది రాస్తున్న నాటికి, ఐదు వారాలైనా రాలేదు. కాల్పుల రోజుల్లో ఎవరూ అటు వెళ్లరు కదా, వానలు కూడా పడుతున్నాయి అని తమ్ముడు సర్దిచెబుతున్నాడట. బడి నుంచి రాగానే తలుపు దగ్గర పడి ఉన్న ఉత్తరాలను అమ్మాయే ముందు ఏరుతోందని మరదలు ఫోనులో చెప్పింది.