లైఫ్ ఇన్ ది యూకే పుస్తకం: పరీక్షకి ఓకే, మిగతాది కింద చెప్పా (3/5)

బ్రిటిష్ పౌరసత్వం పరీక్షకి ఇక్కడి ప్రభుత్వం వేసిన పుస్తకం ఇది. ఆ పరీక్ష కోసమే అయితే కొనేయండి, వేరే ఆలోచన అక్కర్లేదు. ప్రశ్నలు 24, టైమ్ 45 నిమిషాలు, 18 కరెక్ట్ అయితే గట్టెక్కినట్టే, అన్నీ ఇందులోంచే వస్తాయి. ఫెయిలైతే మళ్ళీ 50 పౌండ్లు సమర్పించుకోవాలి, కాబట్టి యాప్‌లో ప్రశ్నలు బట్టీపట్టి వెళ్దామనుకునేవాళ్ళు కూడా ఒకసారి తిరగేయండి. నేను రాసినప్పుడు 2013లో వచ్చిన మూడో ఎడిషనే, పాత కాపీ సరిపోయింది.

మూడు వారాలు బస్సులో పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివా. ఎనిమిదో హెన్రీ ఆరుగురు భార్యల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేసేవాణ్ణి. ఆఫీసులో ఇక్కడే పుట్టిన ఇద్దర్ని అడిగితే మూడో పేరు దగ్గర ఆగిపోయి నవ్వేశారు. వాళ్ళకేం, పరీక్ష నాకు కదా.

నచ్చింది కూడా ఉంది. 1810లో లండన్ జార్జ్ స్ట్రీట్‌లో షేక్ దీన్ మహమ్మద్ పెట్టిన హిందుస్తానీ హోటల్ గురించి రాశారు, అది చదివి కాస్త పొంగిపోయా. అసలు చిక్కంతా సామ్రాజ్యం గురించి రాసిన పేజీలతోనే. దేశాలకి స్వాతంత్ర్యం ఇవ్వడం చాలావరకు ఒక పద్ధతి ప్రకారం జరిగిపోయిందట! 1947లో పంజాబ్ రైళ్ళ సంగతి తెలిసినవాడెవడైనా అక్కడ ఆగుతాడు. 2020లో వందకు పైగా చరిత్రకారులు ఈ చరిత్ర అధ్యాయాన్ని సరిచేయమని బహిరంగ లేఖ రాశారు. 1833లో బానిసత్వం రద్దు చేశాక బానిసల స్థానంలో భారత్, చైనాల నుంచి కూలీలని పెట్టుకున్నారని పుస్తకంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. మాది కాకినాడ. కోరంగి మడ అడవికి పిక్నిక్‌కి వెళ్ళేవాళ్ళం, ఆ రేవు నుంచే మనవాళ్ళు ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకి వెళ్ళారు, అక్కడ తెలుగువాళ్ళకి కోరంగీలనే పేరు పడింది. ఆ ముక్క కింద గీత గీస్తుంటే పెన్సిల్ మొన విరిగింది.

యుద్ధం తర్వాత బస్సులు నడపడానికి వెస్టిండీస్ నుంచి మనుషుల్ని పిలిపించుకున్న కథ కూడా ఉంది. అలా వచ్చినవాళ్ళ పిల్లల్లో కొందరిని కాగితాలు లేవని నిర్బంధించి, దేశం దాటించారని 2018లో బయటపడింది. పుస్తకం అంతకు ముందుదే కాబట్టి అందులో లేదు, సరే. కానీ పౌరసత్వం కోసం చదివేవాడికి ఇంతకన్నా పనికొచ్చే పాఠం ఏముంటుంది?

ఇంకోటి, బ్రిటిష్ (అంటే యూకే పౌరుడు) అవడం ఎలాగో నేర్పిస్తుంది గానీ ఇంగ్లిష్ (అంటే ఇంగ్లండ్ జాతివాడు) అవడం ఎలాగో ఇందులో లేదు. సౌతాంప్టన్‌లో పుట్టి ప్రధాని అయిన రిషి సునాక్ ఇంగ్లిష్ వాడా కాదా అని 2025లో పెద్ద చర్చే నడిచింది, హోమ్ సెక్రటరీగా (అంటే హోం మంత్రిగా) చేసిన, భారత సంతతికే చెందిన సువెల్లా బ్రేవర్మన్ అయితే ఇక్కడ పుట్టినా తాను ఇంగ్లిష్ కానని తనే రాసేసింది. ఆ ఆగస్టులో మా వీధి దీపస్తంభాలన్నిటికీ సెయింట్ జార్జ్ జెండాలు, అంటే ఇంగ్లండ్ జెండాలు కట్టారు. మా పాప, నాన్నా ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందా అని అడిగింది. యూనియన్ జెండాలో మూడు శిలువలు ఎవరెవరివో ఠక్కున చెప్పగలిగిన నేను దానికేం చెప్పాలో తెలీక, ఉందేమో అన్నా. (ఆ సెయింట్ జార్జ్ కూడా ఇంగ్లండ్‌లో పుట్టినవాడు కాదు.)

నాకు 24కి 23 వచ్చాయి. పుస్తకం అమ్ముతారా అని మెసేజ్‌లు పెట్టకండి, గీతలతో సహా మా తమ్ముడి ఫ్రెండ్‌కి ఇచ్చేశా, అతనికి వచ్చే నెల పరీక్ష.