యార్క్‌లో బస మోసం, స్టోన్‌గేట్‌లో పండగ

ఇంగ్లండులోని యార్క్ వెళ్ళేవాళ్ళు బస మాత్రం ఫోన్ చేసి, అన్నీ అడిగాకే బుక్ చేసుకోండి. 'స్టోన్‌గేట్ వీధికి దగ్గర, పెద్దవాళ్ళకి అనుకూలం' అన్న ప్రకటన నమ్మి రాత్రికి 138 పౌండ్లు కట్టాం. తీరా చూస్తే మూడో అంతస్తు. లిఫ్టు లేదు. పెట్టె పట్టుకుంటే మనిషి తిరగలేనంత ఇరుకు మెట్లు. మా మామగారికి మోకాళ్ళ నొప్పులు. కింద గది ఖాళీ లేదన్న మనిషే, మా ఆయన గట్టిగా అడిగేసరికి, ఇంకో 25 పౌండ్లు ఇస్తే ఉందన్నాడు. ఇచ్చాం. ఖాళీ చేసిన రోజు మధ్యాహ్నం దాకా సామాను ఉంచినందుకు మళ్ళీ పెట్టెకి 5 పౌండ్లు! మామగారు ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు, పెరుగన్నం కూడా వద్దన్నారు.

మర్నాడు స్టోన్‌గేట్‌లో ఆయన ముఖం విప్పారింది. 33వ నంబరు ఇంటి గోడ మీద, పైకెత్తి చూస్తే, ఎర్ర దెయ్యం బొమ్మ. అచ్చుకూటంలో సిరా మరకలతో తిరిగే పనికుర్రాణ్ణి ఇంగ్లండులో దెయ్యమనేవారట. పక్కింటి మీద బైబిలు గుర్తు, 1682 సంవత్సరం. ఒకప్పుడు అది పుస్తకాల దుకాణం. తెనాలిలో ఏళ్ళ తరబడి ట్రెడిల్ ప్రెస్, అంటే కాలితో తొక్కే అచ్చుయంత్రం, నడిపిన మనిషికి ఇంకేం కావాలి!

ఆ దెయ్యం పక్కనుంచే కాఫీ యార్డ్ అనే సందు. తల వంచుకుని వెళ్ళాలి, టికెట్ లేదు. థామస్ జెంట్ అనే పాతకాలపు ముద్రకుడు అచ్చువేసింది ఇక్కడే. 1714లో లండన్ నుంచి కాలినడకన వచ్చి, జాన్ వైట్ అచ్చుకూటంలో చేరాడు. తిండీ బసా కాక ఏడాదికి 18 పౌండ్ల జీతం. అక్కడ పనిచేసే ఆలిస్ గై మీద మనసుపడ్డాడు. అతను వెళ్ళిపోయాక ఆమె వైట్ మనవణ్ణి పెళ్ళాడింది. ఆ భర్త చనిపోయాక, 1724లో జెంట్ తిరిగొచ్చి ఆమెను చేసుకున్నాడు, అచ్చుకూటమూ చేతికొచ్చింది. పత్రిక నడిపాడు. 1730లో యార్క్ చరిత్ర, తర్వాత రిపన్, హల్ పట్టణాల చరిత్రలు తానే రాసి, తానే అచ్చేసి, తానే అమ్మాడు. "రాసినవాడే అక్షరాలు పేర్చి కంపోజ్ చేస్తే ప్రూఫులు దిద్దేదెవరమ్మా?" అని మామగారు దిగులుపడ్డారు. చివరికి ఆ ఇల్లు పోయి పీటర్‌గేట్ వీధికి మారాడనీ, 1778లో పేదరికంలోనే చనిపోయాడనీ చెబితే ఆ సందులోనే కాసేపు నిలబడిపోయారు. ఆఫ్‌సెట్ అనే కొత్త అచ్చు పద్ధతి వచ్చాక మామగారు తన ప్రెస్ అమ్మేసిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

మధ్యాహ్నం చీజు, బీన్స్ వేసిన కాల్చిన బంగాళదుంప, 8.50 పౌండ్లు, శాకాహారులకి కడుపు నిండుతుంది. కోటగోడల మీద నడక ఉచితం, బాగుంది.

సాయంత్రం తలకి 12 పౌండ్లు పెట్టి నగర పరిచయ నడకకి వెళ్ళాం. గంటన్నరా దెయ్యాల కథలే. కాఫీ యార్డ్ ముందే ఆగి కూడా జెంట్ పేరెత్తలేదు. మామగారు అడిగితే గైడు గడియారం చూసుకున్నాడు. ఆ డబ్బు దండగ. పొద్దున్న తొమ్మిదిలోపు, దుకాణాలు తెరవకముందే, మీ అంతట మీరే స్టోన్‌గేట్‌కి వెళ్ళండి. తర్వాత జనంలో తలెత్తి చూసే వీలుండదు.