మన్రేసాకు నలభై నిమిషాలు చాలవు

పునీత ఇగ్నేషియస్ లొయోలా గారి అడుగుజాడల్లో స్పెయిన్ యాత్ర అని కరపత్రంలో అచ్చువేసి, మనిషికి 2,38,000 రూపాయలు తీసుకున్న ట్రావెల్స్ వారు మన్రేసా పట్టణానికి కేటాయించినది నలభై నిమిషాలు. మరునాడు బార్సెలోనాలో దుకాణాల వీధికి మూడు గంటలు ఇచ్చారు. 16వ శతాబ్దంలో యేసు సభను స్థాపించిన ఇగ్నేషియస్ గారు మన్రేసాలో గడిపినది దాదాపు 11 నెలలు. ఇతరుల ప్రార్థనానుభవాన్ని కూర్చుని విని దారి చూపే ఆధ్యాత్మిక మార్గదర్శి సేవలో ఉన్న నాబోటివారికి ఆ సేవ రూపుదిద్దుకున్న ఊరు అది. దాని కోసమే నేను ఈ యాత్రకు పేరు ఇచ్చాను. నాతోపాటు మా వారు, మా వదిన వచ్చారు.

లొయోలాలో బస, భోజనం, దివ్యపూజ అన్నీ సక్రమంగా జరిగాయి. అస్పేయితియా పట్టణం పక్కన ఇగ్నేషియస్ గారు పుట్టిన ఇంటి కింది భాగం రాతి కట్టడం, పై అంతస్తులు ఇటుక కట్టడం. 15వ శతాబ్దంలో రాజాజ్ఞతో పైభాగాన్ని పడగొట్టించగా, తరువాత దానిని ఇటుకతో కట్టుకున్నారు. 1521 మే 20న పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన ఇగ్నేషియస్ గారు ఆ పై అంతస్తు గదిలోనే నెలల తరబడి మంచాన ఉన్నారు. చదువుకోవడానికి వీరగాథలు అడిగితే ఇంట్లో దొరికినవి క్రీస్తు జీవితం, పునీతుల చరిత్రలు మాత్రమే. ఒక గొప్పింటి స్త్రీ మెప్పు కోసం చేయబోయే సాహసాలను తలచుకుంటున్నంతసేపు హాయిగా ఉండి ఆ తరువాత మనసు ఎండిపోతోందని, పునీతులలా జీవించాలనే తలపు మాత్రం పోయాక కూడా సంతోషాన్ని మిగులుస్తోందని ఆయన అక్కడే గమనించారు. మా దగ్గరకు వచ్చి కూర్చున్నవారిని మేము ఈనాటికీ అడిగే ప్రశ్న అదే: ఆ ఆలోచన వెళ్లిపోయాక మీలో ఏమి మిగిలింది?

కొండ మీది మొన్సెర్రాత్ మఠంలో జనసమ్మర్దం విపరీతం. నల్లని మరియమాత స్వరూపాన్ని తాకడానికి నిలుచున్న వరుసలో మా వారికి మోకాళ్ల నొప్పి మొదలైంది. కాఫీకీ చిన్న రొట్టెకూ కలిపి 9 యూరోలు పెట్టవలసి రావడంతో ఆయన ముఖం మరింత ముడుచుకుంది. గైడు మాత్రం 1522 మార్చిలో ఇగ్నేషియస్ గారు రాత్రంతా జాగరణ చేసి మరియమాత పీఠం దగ్గర తన కత్తిని విడిచిపెట్టిన ఘట్టాన్ని ఎంతో రక్తి కట్టించి చెప్పారు. ఆ జాగరణకు ముందు జరిగినది మాత్రం గైడు నోట రాలేదు. ఇగ్నేషియస్ గారు తన జీవితమంతటి పాపాలను రాసుకుని మూడు రోజుల పాటు పాపసంకీర్తనం చేస్తే, అంటే గురువు (ఫాదర్) ఎదుట ఆ పాపాలను ఒప్పుకుంటే, జాన్ షానోన్ అనే బెనెడిక్టు సభ సన్యాసి ఓపికగా విన్నారు. కత్తి కంటే ఈ మూడు రోజులు పెద్ద సంగతి అని నా నమ్మకం. ఎంతోమందికి దారి చూపిన మనిషి, అంతకుముందు మరొకరి ఎదుట తన లోపలిదంతా విప్పి పెట్టారు. మా శిక్షణలో కూడా మొదటి నియమం ఇదే. తనకంటూ ఒక మార్గదర్శి లేనివారు ఇతరులకు మార్గదర్శిగా ఉండరాదు.

ఇక మన్రేసా. కార్డొనేర్ నదికి పైన, ఇగ్నేషియస్ గారు ప్రార్థన చేసుకున్న గుహ ఇప్పుడు చిన్న ప్రార్థనాలయం. ఒక పక్క కొండరాయి అలాగే బయటికి కనబడుతూ ఉంటుంది. వదిన ఆ రాతి పక్కన మోకరించి, జపమాల చేతిలోకి తీసుకుందో లేదో గైడు చప్పట్లు కొట్టి "బస్సు, బస్సు" అన్నారు. ఆ సాయంత్రం వదిన ఎవరితోనూ మాట్లాడలేదు. మా వారు ట్రావెల్స్ మేనేజరుకు ఫోను చేస్తే, "కార్యక్రమంలో మన్రేసా సందర్శన అని ఉందండీ, ఎంతసేపని లేదు కదా" అని జవాబు వచ్చింది.

అందుకని చివరి రోజు కార్యక్రమాన్ని వదులుకుని, బార్సెలోనాలోని ప్లాసా ఎస్పాన్యా నుండి ఆర్5 రైలు ఎక్కి మళ్లీ మన్రేసాకు వెళ్లాము. పాత ఊరిలో ఒక చిన్న లాడ్జీలో రెండు గదులకు 118 యూరోలు తీసుకున్నారు. లిఫ్టు లేదు, వేడినీళ్లు రావడానికి చాలాసేపు పట్టింది, అయినా ముగ్గురమూ హాయిగా నిద్రపోయాము. మధ్యాహ్నం 15 యూరోలకు తెల్ల చిక్కుళ్లతో కాల్చిన సాసేజి, సలాడు, తీపి పదార్థం పెట్టారు. వడ్డించిన పెద్దావిడ వదిన పళ్లెం ఖాళీ కావడం చూసి, అడగకుండానే మరో గరిటెడు చిక్కుళ్లు వేసింది. యాత్ర మొత్తంలో మా వారు మెచ్చుకున్న భోజనం ఇదొక్కటే.

గుహలో ఈసారి మమ్మల్ని ఎవరూ తొందరపెట్టలేదు. తరువాత నది మీది పాత వంతెన దగ్గర చాలాసేపు కూర్చున్నాము. ఇగ్నేషియస్ గారు ఈ ఊరిలోనే, చెప్పిన పాపాలు సరిగా చెప్పలేదేమోనన్న అనుమానంతో ప్రాణం తీసుకోవాలన్నంతగా కుమిలిపోయారు. దేవుడు ఆదుకునే వరకు తిననని వారం రోజులు పస్తున్నారు. ఆయన పాపసంకీర్తనం వినే గురువు ఆ సంగతి విని ఉపవాసం విరమించమని ఆజ్ఞాపిస్తే విధేయులయ్యారు. ఒకరోజు ఈ కార్డొనేర్ ఒడ్డునే కూర్చుని ఉండగా ఆయనకు గొప్ప ఆత్మప్రకాశం కలిగింది. ఇవన్నీ దాటుతూ తనకు మేలు చేసినవి ఇతరులకూ ఉపకరిస్తాయని రాసుకున్న విషయాలే 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథానికి మూలమయ్యాయి. పోపు మూడవ పౌలు గారి ఆమోదంతో అది 1548లో అచ్చయింది. సాధన చేయించేవారు త్రాసు ముల్లులా మధ్యలో నిలిచి, సృష్టికర్తను తన సృష్టితో నేరుగా వ్యవహరించనివ్వాలని అందులో ఉన్న సూచనను వంతెన మీద వదినకు చదివి వినిపించాను.

నాకు శిక్షణ ఇచ్చిన సిస్టరు గారు నన్ను ఈ సేవకు పిలిచినప్పుడు, ఇది పట్టం పొందిన గురువులు చేయవలసిన పని కదా అని నేను ఎంతోకాలం వెనుకాడాను. ఇగ్నేషియస్ గారు గురుపట్టం పొందినది 1537లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, పట్టం లేని సామాన్య విశ్వాసిగా ఆయన ఎందరినో ప్రార్థనలో నడిపించారు. చదువు లేకుండా బోధిస్తున్నాడన్న అనుమానంతో సాలమాంకాలో 22 రోజులు చెరలో పెట్టినా ఆ పిలుపును వదులుకోలేదు. గృహిణినైన నాకు ఆ ఊరు ఇచ్చిన ధైర్యం చిన్నది కాదు.

వెళ్లదలచినవారికి నా సలహా: మన్రేసాలో రెండు రాత్రులైనా ఉండండి. మొన్సెర్రాత్ ఎక్కడానికి దిగవలసిన స్టేషన్లు కూడా ఈ ఆర్5 దారిలోనే ఉన్నాయి కనుక, మన్రేసాలో బసచేసి అక్కడికి పొద్దున్నే వెళ్లిరావచ్చు. లొయోలాకు ఒక పగలు, ఒక రాత్రి చాలు. రోజులు తక్కువైతే బార్సెలోనాను తగ్గించుకోండి. ప్యాకేజీలో వెళ్లేవారు డబ్బు కట్టకముందే ఏ ఊరిలో ఎన్ని గంటలో కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. మేము వదులుకున్న రోజు హోటలుకు, భోజనాలకు డబ్బు తిరిగి ఇమ్మని తిరిగి వచ్చాక రెండు ఉత్తరాలు రాశాము; ఆ ట్రావెల్స్ వారు ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు.