క్యాంటీన్ కబుర్లకి గైడు: డిక్షనరీ ఆఫ్ ఐరిష్ బయోగ్రఫీ, ఓ వ్యవసాయ మంత్రి వంశవృక్షం

ఐర్లండ్‌లో నలుగురు కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటుంటే పన్నుల గురించో పథకాల గురించో అనుకుంటాం. ఒక పది నిమిషాలు వినండి. ఫలానా మంత్రి ఎవరి కొడుకు, ఆయన తాత 1922 అంతర్యుద్ధంలో ఏ వైపు నిలబడ్డాడు, ఆయన భార్య ఎవరి ఇంటి ఆడపిల్ల, మాటంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. నేను కౌంటీ కార్క్‌లో ఒక పాల సహకార సంఘం ల్యాబులో పనిచేస్తాను. ట్యాంకర్లు తెచ్చిన శాంపిళ్ళలో యాంటీబయాటిక్ ఉందా, సొమాటిక్ సెల్ కౌంట్ (పొదుగు జబ్బు ఆచూకీ చెప్పే కణాల లెక్క) ఎంత, ఇదీ నా రోజు. మే నెలలో పాలు పోటెత్తినప్పుడు క్యాంటీన్‌లో కూర్చునేది కాసేపే. అయినా ఆ కాసేపట్లోనే పాత వ్యవసాయ మంత్రుల పేర్లు కనీసం రెండు మూడు దొర్లుతాయి. పాల ధర ఎందుకు తగ్గిందని నేనడిగితే, సమాధానం 1948 నుంచి మొదలవుతుంది.

ఆ బాధ పడలేకే డిక్షనరీ ఆఫ్ ఐరిష్ బయోగ్రఫీ, అంటే ఐర్లండ్‌లో పేరున్నవాళ్ళ జీవితచరిత్రల నిఘంటువు, వాడటం మొదలుపెట్టాను. నడిపేది రాయల్ ఐరిష్ అకాడమీ, డబ్లిన్‌లో డాసన్ స్ట్రీట్‌లో ఉంటుంది. 1919 జనవరిలో మొదటి డాల్, అంటే ఐర్లండ్ పార్లమెంటు, సమావేశమైన మాన్షన్ హౌస్‌కి పక్క భవనమే. ఈ పుస్తకం 2009లో తొమ్మిది సంపుటాలుగా అచ్చయింది. ఇంటర్నెట్‌లో చదవాలంటే చాలాకాలం చందా కట్టాల్సి వచ్చేది. 2021 నుంచి అందరికీ ఉచితం. లాగిన్ అడగదు, ప్రకటనలు లేవు, ఈమెయిల్ ఇమ్మని మీద పడదు. ఒక దేశం తన పెద్దల చిట్టా అంతా ఇలా తలుపులు తీసి పెట్టడం నాకు నిజంగా గొప్పగా అనిపించింది.

ఒక సర్వీసు పనికొస్తుందో లేదో తేల్చుకోవాలంటే ఒక మనిషిని పట్టుకుని చివరిదాకా వెళ్ళాలి. నేను పట్టుకున్నది జేమ్స్ డిల్లన్‌ని. రెండుసార్లు వ్యవసాయ మంత్రి, 1948 నుంచి 1951 దాకా, మళ్ళీ 1954 నుంచి 1957 దాకా. మా క్యాంటీన్‌లో పెద్దవాళ్ళు ఈయన పేరెత్తగానే గొంతు మార్చి, మాటలు సాగదీసి, వేలు పైకెత్తి అనుకరిస్తారు. అంత పెద్ద వక్త అన్నమాట.

వెతుకులాట పెట్టెలో డిల్లన్ అని కొడితే డిల్లన్లు వరసకట్టి వచ్చారు. ఇది మొదటి చిక్కు. ఐరిష్ పేర్లు ఇంటి పేర్లుగా కొద్ది, మనుషులుగా వేలు. పుట్టిన సంవత్సరం తెలియకపోతే దారి తప్పుతారు. 1902 నుంచి 1986 దాకా బతికినాయన మనవాడు. పేజీ తెరవగానే నాకు నచ్చిన పద్ధతి ఒకటి కనిపించింది: ఉద్యోగం కంటే ముందు కన్నవాళ్ళ గురించి చెబుతుంది. ఎక్కడ పుట్టాడు, తండ్రి ఎవరు, తల్లి ఎవరు. ఆ పేర్లకి విడిగా వ్యాసాలుంటే నొక్కగానే అక్కడికి తీసుకెళ్తుంది. క్యాంటీన్ వాళ్ళు మాట్లాడే క్రమం కూడా సరిగ్గా ఇదే!

నొక్కుకుంటూ పోయాను. తండ్రి జాన్ డిల్లన్, బ్రిటిష్ పార్లమెంటులో ఐరిష్ పార్టీకి చివరి నాయకుడు, భూస్వాముల మీద కౌలుదార్ల తరఫున పోరాడి జైళ్ళకి వెళ్ళినవాడు. 1918 ఎన్నికల్లో ఈస్ట్ మేయో స్థానంలో ఆయన్ని ఓడించింది, తర్వాత ప్రధానమంత్రీ దేశాధ్యక్షుడూ అయిన ఈమన్ డి వాలెరా. ఇంకో మెట్టు పైకెక్కితే తాత జాన్ బ్లేక్ డిల్లన్, 1842లో 'ది నేషన్' పత్రిక పెట్టిన ముగ్గురిలో ఒకడు, 1848 తిరుగుబాటు విఫలమయ్యాక అమెరికా పారిపోయినవాడు. తల్లి ఎలిజబెత్ మాథ్యూ, జేమ్స్‌కి అయిదేళ్ళు నిండకముందే చనిపోయింది. అన్న మైల్స్ డిల్లన్ ప్రాచీన కెల్టిక్ భాషల్లో పేరున్న పండితుడు. మూడు తరాల ఐర్లండ్ చరిత్ర ఒక డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చుందన్నమాట. ఇదంతా నాకు దొరకడానికి ఒక మధ్యాహ్నం టీ చాలింది. ఇంతవరకూ ఈ సర్వీసుకి అయిదుకి అయిదు.

అయితే డిల్లన్‌ని నాకు అర్థమయ్యేలా చేసింది తాత తండ్రులు కాదు, ఒక దుకాణం. బల్లాహడరీన్‌లో మోనికా డఫ్ అండ్ కో అని డిల్లన్ల కుటుంబానికి పెద్ద అంగడి ఉండేది. దాన్ని నడపడం నేర్చుకోవడానికి కుర్రాణ్ణి లండన్‌లో సెల్ఫ్రిడ్జెస్‌కీ, షికాగోలో మార్షల్ ఫీల్డ్స్‌కీ పంపారు. ఆ రోజుల్లో ప్రపంచంలో పేరు మోసిన డిపార్ట్‌మెంటు స్టోర్లు అవి. అక్కడ పని నేర్చుకొచ్చి బల్లాహడరీన్ అంగట్లో కూర్చున్నాడు. తర్వాత లా చదివి బారిస్టరయ్యాడు, అది వేరే సంగతి. (ఆ ఊరిదీ ఒక తమాషా. 1898 చట్టంతో మేయో నుంచి రాస్కామన్ కౌంటీకి మార్చారు. ఊరి గేలిక్ ఫుట్‌బాల్ క్లబ్బు మాత్రం ఇప్పటికీ మేయో తరఫునే ఆడుతుంది. కాగితం మీద గీత గీస్తే మనుషులు మారతారా?)

పల్లెటూరి అంగడి అంటే అప్పట్లో అమ్మేది మాత్రమే కాదు, కొనేది కూడా. రైతు ఇంటి ఆడవాళ్ళు గుడ్లు తెచ్చి ఇచ్చి టీ, పంచదార పట్టుకెళ్ళేవాళ్ళు. కోళ్ళ డబ్బు ఆడవాళ్ళ చేతి ఖర్చు. ఇది తెలిశాక, మంత్రి అయిన ఏడాదే డిల్లన్ గుడ్ల మీద ఎందుకు పడ్డాడో నాకు బోధపడింది. 1948లో బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం కుదిరింది. బ్రిటిష్ వాళ్ళని గుడ్లలో ముంచేస్తానన్న అర్థంలో ఆయన అన్నాడని చెప్పే మాట ఇప్పటికీ మా దగ్గర నవ్వులాట. తర్వాత బ్రిటన్‌లో సొంత కోళ్ళ పెంపకం కోలుకోవడంతో ఆ బేరం నిలవలేదు. అది రైతు బుర్రలో పుట్టే ఆలోచన కాదు, కౌంటర్ వెనక నిలబడి ఏది ఎక్కడ అమ్ముడుపోతుందో చూసేవాడికి వచ్చే ఆలోచన. ఈ ముక్క డిక్షనరీ చెప్పలేదు, అంగడి గురించి చదివాక నాకు తోచింది. ఇలా తోచేంత సరుకు చేతిలో పెట్టడమే దీని గొప్ప.

ఆయన పార్టీ ప్రయాణం కూడా వంకరటింకరే. 1932లో డొనెగాల్ నుంచి స్వతంత్రుడిగా గెలిచాడు, 1937 నుంచి 1969 దాకా మోనహన్ ప్రతినిధి. 1933లో ఫినే గేల్ పార్టీ పుట్టినప్పుడు అందులో కలిసిన చిన్న పార్టీ ఒకటి ఈయన వాళ్ళది. 1942లో దేశమంతా తటస్థంగా ఉండాలంటుంటే, మిత్రరాజ్యాల వైపు నిలబడాలని బహిరంగంగా చెప్పి పార్టీకి దూరమయ్యాడు. ఒంటరివాడుగానే 1948 సంకీర్ణంలో మంత్రి అయ్యాడు. తర్వాత మళ్ళీ పార్టీలోకి వచ్చి 1959 నుంచి 1965 దాకా దానికి నాయకుడే అయ్యాడు, ప్రధానమంత్రి మాత్రం కాలేదు.

ఇక లోపాలు. వంశం ఎంత బాగా చెబుతుందో, శాఖలో జరిగిన పని నాకు కావలసినంత చెప్పదు. 1949లో డిల్లన్ మొదలుపెట్టిన భూమి బాగుచేత పథకం ఉంది. మార్షల్ సాయం (యుద్ధం తర్వాత అమెరికా ఐరోపాకి ఇచ్చినది) డబ్బు ఆసరాతో నీళ్ళు నిలిచే పొలాలకి కాలవలు తీయించి, రాళ్ళు ఏరించి, సున్నం చల్లించి 40 లక్షల ఎకరాలు బాగుచేయాలన్నది ఆశ. ఈరోజు మా ట్యాంకర్లు పాలు తెచ్చే గడ్డి భూముల్లో ఆ కాలవలు ఎక్కడెక్కడున్నాయి, ఎవరికి ఎంత ముట్టింది, పెద్ద రైతుకి పోయిందా చిన్న రైతుకి అందిందా? జీవితచరిత్రలో ఇవి దొరకవు. పశువుల క్షయ నిర్మూలన కూడా 1954లోనే మొదలైంది. ఇప్పటికీ మందలో ఒక్క ఆవుకి పాజిటివ్ వస్తే ఆ పొలం నుంచి పశువుల రాకపోకలు ఆగిపోతాయి, రైతు మొహం చూడలేం. ఎవరు ఎవరికి ఏమవుతారో వెతికేవాడికి ఇది బంగారం, ఏ పథకం ఏమైందో వెతికేవాడికి సగం భోజనం.

మిగతా సగం పార్లమెంటు వెబ్‌సైటులో ఉంది. పార్లమెంటు మొత్తాన్ని ఇక్కడ ఎరాక్టస్ అంటారు, డాల్ ఇప్పుడు అందులో దిగువ సభ. అదీ ఉచితమే. 1919 నుంచి సభలో జరిగిన చర్చలన్నీ అక్షరాలా ఉన్నాయి. తేదీ పెట్టి, సభ్యుడి పేరు పెట్టి వెతకొచ్చు. డిల్లన్ మాటలు అక్కడ చదివితే క్యాంటీన్ అనుకరణ అన్యాయమేమీ కాదని తెలుస్తుంది. ఒక్కో వాక్యం ముగిసేసరికి ఎక్కడ మొదలైందో మరచిపోతాం. కానీ ఆ సైటులో వెతుకులాట మొండిది. మాట కొంచెం తేడా కొడితే ఏమీ చూపించదు, సాధారణ మాట కొడితే వేలు కుమ్మరిస్తుంది. ముందు డిక్షనరీలో సంవత్సరం పట్టుకుని ఆ తర్వాత అక్కడికి వెళ్ళడం మేలు.

డిక్షనరీకి ఇంకో హద్దుంది: బతికున్నవాళ్ళు ఉండరు. పద్ధతిగా అది సరైనదే, కానీ క్యాంటీన్‌కి చాలదు. 2020 వేసవిలో ఐర్లండ్‌కి మూడు నెలల్లోపు ముగ్గురు వ్యవసాయ మంత్రులు మారారు. బారీ కోవెన్ జూన్ చివర్లో వచ్చి జులై మధ్యలో పోయాడు. డారా కలియరీ ఆగస్టులో కోవిడ్ కాలంలో జరిగిన ఒక గోల్ఫ్ విందు గొడవలో రాజీనామా చేశాడు. సెప్టెంబరులో చార్లీ మెకానలోగ్ వచ్చి 2025 జనవరి దాకా నిలిచాడు, ఆయన తర్వాత మార్టిన్ హేడన్. కోవెన్ మాజీ ప్రధానమంత్రికి తమ్ముడు, తండ్రి కూడా డాల్ సభ్యుడే. కలియరీకి తండ్రి, తాత ఇద్దరూ సభ్యులే. ఇలాంటి చోట్ల డిక్షనరీ చేతులెత్తేస్తుంది, పార్లమెంటు సైటులో సభ్యుల పేజీలు చూసుకోవాల్సిందే.

భాష సంగతి. ఇంగ్లిష్ చక్కగానే ఉంటుంది, కానీ చదివేవాడికి ఐర్లండ్ సంగతులు ముందే తెలుసన్న ధీమాతో రాస్తారు. బ్రిటన్‌తో కుదిరిన 1921 ఒప్పందం అంటే ఏమిటో, ఎవరు ఎటు చీలారో ఎక్కడా ఆగి చెప్పరు. పేరాలు బారెడు. ఫోన్‌లో చదివితే వేలు నొప్పి పుడుతుంది. మెచ్చుకోవాల్సిందేమంటే, ప్రతి వ్యాసం కింద రాసినవాళ్ళ పేరు, ఆధారాలు ఉంటాయి. ఊరూ పేరూ లేని రాతలు చదివి మోసపోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

నేనైతే నాలుగు నక్షత్రాలిస్తాను. అయిదోది ఎందుకు ఆపానంటే, ఇన్ని చుట్టరికాలు చెప్పే సర్వీసులో ఒక్క వంశవృక్షం బొమ్మ లేదు. డిల్లన్ల తర్వాత స్వతంత్ర ఐర్లండ్ తొలి దశాబ్దంలో వ్యవసాయ మంత్రిగా ఉన్న పాట్రిక్ హోగన్‌ని పట్టుకున్నాను. 1923 భూ చట్టం, 1924 పాల ఉత్పత్తుల చట్టం ఆయనవే. వెన్న నాణ్యత తనిఖీ చేయాలన్న ఆ రెండో చట్టమే నా ఉద్యోగానికి ముత్తాత. (అదే కాలంలో క్లేర్ నుంచి లేబర్ పార్టీ పాట్రిక్ హోగన్ ఒకాయన సభలో ఉన్నాడు, జాగ్రత్త.) మంత్రి హోగన్ తమ్ముడు జేమ్స్ మా కార్క్ యూనివర్సిటీ కాలేజీలోనే చరిత్ర ప్రొఫెసర్. స్నేహితుడు, తోటి మంత్రి కెవిన్ ఓహిగ్గిన్స్‌ని 1927 జులైలో చర్చికి వెళ్తుండగా కాల్చి చంపారు. హోగన్ 1936లో కారు ప్రమాదంలో పోయాడు. ఆయన కూతురు బ్రిజిడ్ 1957లో గాల్వే నుంచి డాల్‌కి ఎన్నికై, తనూ సభ్యుడే అయిన మైఖేల్ ఓహిగ్గిన్స్‌ని పెళ్ళి చేసుకుంది. ఆ మైఖేల్, చనిపోయిన కెవిన్‌కి అన్న కొడుకు. మైఖేల్ సోదరుడు టామ్ 1966 అధ్యక్ష ఎన్నికల్లో డి వాలెరా చేతిలో చాలా తక్కువ తేడాతో ఓడిపోయాడు. జాన్ డిల్లన్‌ని ఓడించిన ఆ డి వాలెరానే, నలభై ఎనిమిదేళ్ళ తర్వాత.

ఇదంతా పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో గీసుకుంటున్నాను. ఓహిగ్గిన్స్‌ల దగ్గరికి వచ్చేసరికి చోటు చాలక ఫిబ్రవరి వెనక్కి వెళ్ళాను. ట్యాంకర్ డ్రైవర్లు వచ్చి చూసి, ఇంకో బావమరిదిని మరిచిపోయావంటున్నారు.