ఒంటరిగా, బస్సులో, పడమటి కనుమలకు: బెంగళూరు నుంచి ఏ ఊరు నయం?

బెంగళూరు నుంచి పడమటి కనుమలకు చేరడం పెద్ద పనేమీ కాదు. మెజెస్టిక్ బస్టాండులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి శృంగేరిలోనో తీర్థహళ్ళిలోనో సాగరలోనో దిగుతాం. అసలు ఖర్చు దిగాక మొదలవుతుంది. బస్టాండు నుంచి జలపాతం దాకా మిగిలే ఆఖరి పది కిలోమీటర్లకు ఆటోనో జీపో మాట్లాడుకోవాలి. నలుగురైతే పంచుకునే ఆ కిరాయి ఒక్కరే వెళ్తే మొత్తం నెత్తిన పడుతుంది. కాబట్టి ఒంటరిగా, తక్కువ ఖర్చులో తిరగాలనుకునేవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సింది రెండే: అడవి అంచుదాకా బస్సు పోతుందా, సాయంత్రం వెనక్కి ఆఖరి బస్సు ఎన్నింటికి? ఫోటోలు చూడటం ఆ తర్వాత.

ఆ లెక్కన శృంగేరిని మించిన ఊరు లేదు. చాలామంది మనవాళ్ళు శారదమ్మ దర్శనం చేసుకుని మధ్యాహ్నానికే బయల్దేరిపోతారు. అలా కాకుండా అక్కడే మకాం పెడితే చుట్టుపక్కల అడవంతా బస్సుకు అందుతుంది. గుళ్ళో మధ్యాహ్నం, రాత్రి భోజనం పెడతారు కాబట్టి తిండి ఖర్చు దాదాపు ఉండదు. ఇప్పుడున్న శృంగేరి పీఠం స్వాములిద్దరూ తెలుగునాట పుట్టినవారే, గుడి వీధుల్లో తెలుగు బాగానే వినిపిస్తుంది. గది విషయంలో మాత్రం జాగ్రత్త. తిరుమలలోలాగే చాలా దేవస్థానాల వసతి గృహాలు ఒక్కరికి గది ఇవ్వడానికి వెనకాడతాయి. దాన్నే నమ్ముకోకుండా బస్టాండు దగ్గరి లాడ్జీల్లో సింగిల్ రూమ్ ఉందా అని ముందే ఫోన్ చేసి అడగండి. మామూలు రోజుల్లో వెయ్యి లోపే దొరుకుతుంది.

శృంగేరి నుంచి కిగ్గకు బస్సులున్నాయి, దూరం పది కిలోమీటర్లకు అటూఇటూ. అక్కడ ఋష్యశృంగేశ్వరుడి గుడి చూసుకుని సిరిమనె జలపాతానికి మరో ఐదు కిలోమీటర్లు ఆటోలో పోవాలి, లేదా కాఫీ తోటల మధ్య నడవాలి. పొద్దున్నే బయల్దేరితే నడకే మేలు. ఆటో ఎక్కేటట్లయితే రానూపోనూ, అక్కడ ఆగే గంటతో కలిపి ముందే బేరం కుదుర్చుకోండి. జలపాతం దగ్గర తిరుగు ఆటో దొరకదు.

ఆగుంబె కూడా శృంగేరి నుంచి బస్సు దూరమే, ముప్పై కిలోమీటర్ల లోపు. ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడే ఊరది. బెంగళూరులో ఏడేళ్ళు కురిసే వాన అక్కడ ఒక్క ఏడాదిలో కురుస్తుంది. ఊరు చాలా చిన్నది. హోటళ్ళు పెందరాళే మూసేస్తారు, సెల్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఊరి నుంచి ఘాట్ రోడ్డు మీద సూర్యాస్తమయం చూసే చోటికి నడిచిపోవచ్చు. అయితే సూర్యుడు మునిగేదాకా ఉంటే తిరిగి శృంగేరికి బస్సు దొరకడం అనుమానమే. ఆ సాయంత్రం కావాలంటే ఆ రాత్రి ఆగుంబెలోనే ఉండాలి, టార్చి చేతిలో ఉండాలి. రాచనాగులకు పేరుపడ్డ అడవి, చీకట్లో రోడ్డు పక్క గడ్డిలో కాలు పెట్టకూడదు. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో పెట్టిన వర్షారణ్య పరిశోధన కేంద్రం ఇక్కడే ఉంది కానీ, అది పర్యాటకుల లాడ్జి కాదు. ఒనకె అబ్బి లాంటి జలపాతాలకు అటవీ శాఖ అనుమతి కావాలి, వానల్లో దారులు మూసేస్తారు.

ఆగుంబె నుంచి ఉడుపి వైపు దిగే ఘాట్‌లో పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులున్నాయి. పెద్ద బస్సులు ఆ మలుపులు తిరగలేవు, అందుకే మినీ బస్సులే నడుస్తాయి. సీట్లు తక్కువ, పైన సామాను పెట్టే చోటు ఇంకా తక్కువ. పెద్ద ట్రాలీ సూట్‌కేసుతో వెళ్తే కండక్టరు ఎక్కించుకోకపోవచ్చు. ఒళ్ళో పెట్టుకునేంత బ్యాగే తీసుకెళ్ళండి. గట్టి వానలకు కొండచరియలు జారితే ఈ దారి మూసేస్తారు. జూలై, ఆగస్టుల్లో ఉడుపి మీదుగా తిరుగు టికెట్ ముందే కొనుక్కోవద్దు.

సాగర, జోగ్ జలపాతానిది రెండో స్థానం. ఇక్కడికి రైలుంది. మైసూరు–తాళగుప్ప ఎక్స్‌ప్రెస్ రాత్రి బెంగళూరు మీదుగా వెళ్ళి తెల్లారాక దింపుతుంది. బుకింగ్‌లో సాగర స్టేషన్ పేరు సాగర్ జంబగారు అని ఉంటుంది. స్లీపర్ టికెట్ బస్సుకన్నా బాగా చవక. జోగ్‌కు దగ్గరి స్టేషన్ తాళగుప్పే అయినా సాగరలో దిగడమే మంచిది. లాడ్జీలు, టిఫిన్, జోగ్‌కు తరచూ బస్సులు అన్నీ సాగరలో ఉన్నాయి. జోగ్‌లో శరావతి నది 253 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. అయితే పైన 1964లో కట్టిన లింగనమక్కి ఆనకట్ట ఉంది కాబట్టి ఎండాకాలం వెళ్తే బండరాయి మీద సన్నని నీటి చారలే మిగులుతాయి. జూలైలో నీళ్ళుంటాయి, మంచు కమ్మి కనబడవు. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మధ్య వెళ్ళండి, మంచు కమ్మితే గంటసేపు కదలకుండా కూర్చోండి, తెర తొలగుతుంది. జోగ్ నుంచి గేరుసొప్ప ఘాట్ మీదుగా హొన్నావర దిగే బస్సు ప్రయాణం జలపాతమంత గొప్పది. ఎడతెగని అడవి, సింహపు తోక కోతులుండే లోయ. కిటికీ సీటు దొరక్కపోతే తర్వాతి బస్సుకు ఆగండి.

కేరళలోని వయనాడు సంగతి వేరు. బత్తేరి, కల్పెట్ట, మానంతవాడి మధ్య బస్సులకు కొదవ లేదు, చిక్కంతా దారిలో ఉంది. గుండ్లుపేట నుంచి బందీపుర అడవి దాటే రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసి ఉంటుంది, అనుమతి ఉన్న కొద్ది బస్సులే పోతాయి. బెంగళూరు నుంచి గుండ్లుపేటకే ఐదు గంటలు పడుతుంది, మైసూరు రోడ్డు ట్రాఫిక్ అదనం. మధ్యాహ్నం రెండులోపు బయల్దేరాలి. ముత్తంగ అడవిలో సఫారీ ఒంటరివాళ్ళకు గిట్టుబాటు కాదు, జీపు మొత్తానికి కిరాయి కట్టాలి. తెల్లారకముందే క్యూలో నిలబడి, చోటున్న కుటుంబాన్ని అడిగి కలవడమొక్కటే మార్గం. ఎడక్కల్ గుహలకు సోమవారం సెలవు. ఇంకో మాట. కన్నడ బోర్డులు తెలుగు చదివేవాళ్ళకు కాస్త కష్టపడితే పట్టుబడతాయి, మలయాళం అలా కాదు. ఎక్కేముందు కండక్టరును అడగాల్సిందే.

కుదురేముఖ్ కొండ ట్రెక్‌ను ఒంటరిగా పెట్టుకోవద్దనే చెప్తాను. రోజుకు మూడు వందల మందికే అనుమతి, అదీ ఆన్‌లైన్‌లో. శని, ఆదివారాల టికెట్లు ఇట్టే అయిపోతాయి. మామూలు రోజుల్లో టికెట్ దొరుకుతుంది, కానీ ట్రెక్ మొదలయ్యే ముళ్ళోడి ఊరికి జీపు పంచుకునే మనుషులు దొరకరు. చుట్టుపక్కల హోమ్‌స్టేలు తలకింత అని భోజనంతో కలిపి తీసుకుంటాయి, చాలాచోట్ల కనీసం ఇద్దరు ఉండాలంటాయి. సకలేశపుర వైపు రైలు పట్టాల మీద నడిచే ట్రెక్ నిషిద్ధం, ఎవరు తీసుకెళ్తామన్నా వెళ్ళకండి.

ఆడవాళ్ళకు కర్ణాటక ప్రభుత్వ బస్సుల్లో శక్తి పథకం కింద ఉచిత ప్రయాణం ఉంది, 2023 జూన్ 11 నుంచి. కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డుకే అది వర్తిస్తుంది. ఆంధ్రా, తెలంగాణ ఆధార్‌తో మారతహళ్ళి పీజీల్లో ఉండేవాళ్ళు టికెట్ కొనాల్సిందే. రాజహంస, స్లీపర్, ఐరావత లాంటి బస్సుల్లోనూ, రాష్ట్రం దాటే బస్సుల్లోనూ ఎవరికీ ఉచితం లేదు. మలెనాడులో, అంటే ఈ కొండ ప్రాంతంలో, తిరిగే ప్రైవేటు బస్సుల్లో అంతా నగదే అనుకుని పది, ఇరవై నోట్లు ఉంచుకోండి.

వానాకాలం జలగలు పడతాయి. గుడ్డలో ఉప్పు మూట కట్టి, నీళ్ళలో తడిపి, బూటు చుట్టూ రుద్దుతూ ఉంటే చాలావరకు ఎక్కవు. పట్టుకున్నదాన్ని లాగొద్దు, నోటి కింద గోరు జొనిపి పక్కకు నెట్టాలి. రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం వదులుతుంది కాబట్టి చాలాసేపు కారుతుంది, కంగారు పడక్కర్లేదు. అంతకన్నా భయపడాల్సింది డిసెంబరు నుంచి మే దాకా ఎండుటాకుల్లో ఉండే పిడుదులకు. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో బయటపడ్డ కోతి జ్వరం వీటివల్లే వస్తుంది. కోతి చచ్చి పడి ఉన్న దారి వదిలేయండి, ఎండుటాకుల మీద కూర్చోకండి, గదికి రాగానే బట్టలు వేడినీళ్ళలో నానబెట్టి ఒళ్ళంతా వెతుక్కోండి. తిరిగొచ్చిన వారం పది రోజుల్లో ఉన్నట్టుండి తీవ్ర జ్వరం, తలనొప్పి వస్తే ఎక్కడ తిరిగొచ్చారో డాక్టరుకు తప్పక చెప్పండి. బెంగళూరులో చాలామంది డాక్టర్లు డెంగీ అనే మొదలుపెడతారు.

ఆదివారం రాత్రి శృంగేరి, సాగర నుంచి వచ్చే బస్సులు నిండిపోతాయి, తిరుగు సీటు వెళ్ళేముందే చేసుకోండి. తుమకూరు రోడ్డు మీదుగా వస్తాయి కాబట్టి మెజెస్టిక్ దాకా కూర్చోకుండా నాగసంద్రలోనో యశవంతపురలోనో దిగి మెట్రో ఎక్కండి. వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు వెళ్ళేవాళ్ళు మెజెస్టిక్‌లో లైను మారితే చాలు.