ఆమ్‌డాల్ సూత్రం: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

విశాఖ ద్వారకానగర్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలకు సిస్టమ్‌లు అసెంబుల్ చేసి ఇవ్వడం నా పని. ఏ పార్టు మార్చాలన్నా ముందు ఆమ్‌డాల్ సూత్రంతో లెక్క కడతాను. కంప్యూటర్ మీద డబ్బు పెట్టే ముందు ఇంత నమ్మకంగా దారి చూపేది నాకు ఇంకోటి దొరకలేదు.

ఐబీఎం సిస్టమ్/360 రూపకర్తల్లో ముఖ్యుడైన జీన్ ఆమ్‌డాల్ 1967లో చేసిన వాదన ఇది. పనిలో ఒక భాగమే వేగం పుంజుకుంటే, మొత్తం లాభం ఎంతవరకో మిగతా భాగమే తేలుస్తుంది. మెరుగుపడే భాగం వాటా 'భ', ఆ భాగానికి పెరిగే వేగం 'ర' రెట్లు అనుకుంటే, మొత్తం వేగం = 1 ÷ ((1 − భ) + భ ÷ ర).

"గురూ, ఈ గ్రాఫిక్స్ కార్డు వేస్తే ఆరు రెట్లు స్పీడంట కదా!" అని స్టూడియో వాళ్లు ఆశగా వస్తారు. ఆ ఆరు రెట్లు ఎక్స్‌పోర్ట్‌కి, అంటే ఎడిట్ అయ్యాక ఫైనల్ వీడియో ఫైల్ తయారు చేసే పనికి మాత్రమే. కెమెరా కార్డుల నుంచి కాపీకి 15 నిమిషాలు, ఎక్స్‌పోర్ట్‌కి 36, మిగతా వాటికి 9, మొత్తం 60 అనుకోండి. ఎక్స్‌పోర్ట్ 6 నిమిషాలకు దిగితే మొత్తం 30 అవుతుంది. అంటే రెండు రెట్లే. ఇంకా ఖరీదు పెట్టి పన్నెండు రెట్ల కార్డు తెచ్చినా అదనంగా మిగిలేది 3 నిమిషాలు. ఎక్స్‌పోర్ట్ కనురెప్పపాటులో అయిపోయినా 24 నిమిషాలు ఎలాగూ ఉంటాయి కాబట్టి రెండున్నర రెట్లు దాటదు.

నాకు బాగా నచ్చింది దీని తర్వాతి మెట్టు. కార్డు వేశాక 30 నిమిషాల్లో సగం కాపీదే. ఇప్పుడు మంచి కార్డ్ రీడర్, ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజీ) పెట్టి ఆ 15ని 3కి దించితే మొత్తం 18 అవుతుంది, ఆ 30తో పోలిస్తే 1.67 రెట్లు, మొదటి 60తో పోలిస్తే 3.33 రెట్లు. అదే కార్డు వేయకుండా రీడర్, ఎస్ఎస్‌డీ మాత్రమే ముందు మార్చితే 1.25 రెట్లే కనిపించేది. ఆదా రెండుసార్లూ 12 నిమిషాలే, కానీ 60లో 12 వేరు, 30లో 12 వేరు. అందుకే ఒక పార్టు మార్చిన ప్రతిసారీ వాటాలు మళ్లీ కొలుస్తాను.

ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీలో) ఇంజినీరింగ్ చదివే పిల్లలు, గేట్‌కి తయారయ్యేవాళ్లు తికమకపడేది ఒక్కచోట. 'భ' పాత సమయంలోంచి తీసుకోవాలి, అంటే 36/60. కొత్త సమయంలో ఎక్స్‌పోర్ట్ వాటా 6/30, అంటే 0.2. దాన్ని ఇదే సూత్రంలో వేస్తే 1.2 అని తప్పు జవాబు వస్తుంది. కొత్త వాటా ఇస్తే లెక్క 0.8 + 0.2 × 6, అంటే 2.

లోటు లేకపోలేదు. 'ర' ఎప్పుడూ ఒకేలా ఉంటుందని సూత్రం అనుకుంటుంది. మే నెల ఉక్కపోతలో, ఏసీ లేని గదిలో ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మొదటి ఐదు నిమిషాలు చూసి 'ర' తేల్చేయకండి, పూర్తి ఎక్స్‌పోర్ట్ నడిపి చూడండి. కాపీ, ఎక్స్‌పోర్ట్ ఒకేసారి నడిచినా ఈ లెక్క సరిపోదు. 1988లో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ గుస్టాఫ్‌సన్ ఎత్తిచూపినది కూడా నిజమే: మెషీన్ వేగంగా ఉంటే జనం పని కూడా పెంచుకుంటారు. హెచ్‌డీ చేసిన స్టూడియోలు ఫోర్‌కేకి మారాక ఎక్స్‌పోర్ట్ వాటా పెరిగి, కార్డుకి పెట్టిన డబ్బు ఇంకా బాగా గిట్టింది.

టైపింగ్, బ్రౌజింగ్‌కి వాడే సిస్టమ్‌కైతే ఇంత లెక్క అక్కర్లేదు. గంటల కొద్దీ ఒకే తరహా పని చేసేవాళ్లు మాత్రం షాపుకి వచ్చే ముందు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఏ పనికి ఎన్ని నిమిషాలు పడుతోందో రాసుకుని రండి.