విల్లా, క్రాస్‌బోనా: ఏది మేలు?

వీడియో గేముల్లో ఈ రెంటి తేడా ఒక్క ముక్కలో తేలిపోతుంది. విల్లుకు వేగం ఎక్కువ, క్రాస్‌బోకు (తుపాకీలా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి వేసే అడ్డవిల్లు) దెబ్బ ఎక్కువ. నిజంగా చేతిలోకి తీసుకుంటే ముందు తెలిసే తేడా వేరు. గురి చూస్తున్నంతసేపూ లాగిన నారి బరువును ఎవరు మోస్తున్నారు? విల్లుకైతే మనిషి ఒళ్లు మోస్తుంది, క్రాస్‌బోలో ట్రిగ్గర్‌కు పైనున్న గొళ్లెం మోస్తుంది. మిగతా మంచిచెడ్డల్లో చాలావరకు దీన్నుంచి పుట్టినవే.

1545లో మునిగిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్‌ను 1982లో పైకి తీశారు. అందులో వందకు పైగా పొడవాటి విళ్లు దొరికాయి. వాటిని పూర్తిగా లాగాలంటే చాలావాటికి 100 పౌండ్లకు పైనే బలం కావాలని, కొన్నిటికి 150 కూడా దాటుతుందని అంచనా. ఒలింపిక్స్‌లో ఆడే మగవాళ్ల విళ్లు ఇంచుమించు 50 పౌండ్లు ఉంటాయి. మేరీ రోజ్‌లో దొరికినంత బరువు విల్లును లాగి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నింపాదిగా గురి చూడడం అయ్యే పని కాదు. లాగడం, గురి, వదలడం ఒకే ఊపులో అయిపోవాలి. అంటే గురి అనేది భుజానికీ వీపుకూ అలవాటై ఉండాలి. ఆ అలవాటుకు ఏళ్లు పడుతుంది. 1363లో ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ సెలవు రోజుల్లో జనం విలువిద్య సాధన చేయాలని ఆజ్ఞ వేయడానికి కారణం ఇదే. యుద్ధం వచ్చాక నేర్పుదామంటే కుదరదు.

క్రాస్‌బో ఈ ఇబ్బందిని తీసేసింది. ముందున్న ఇనుప రికాబులో కాలు పెట్టి నడుముకున్న కొక్కెంతో లాగినా, మీటతో లాగినా, గిలకలు తిప్పి లాగినా, నారి గొళ్లెంలో పడ్డాక మనిషికి బరువు లేదు. గోడ చాటున కూర్చుని, ఎదుటివాడు తల బయటపెట్టేదాకా ఆగి, అప్పుడు ట్రిగ్గర్ నొక్కవచ్చు. చైనాలో క్రీస్తుపూర్వమే కంచు ట్రిగ్గర్లతో సైన్యాలు దీన్ని వాడాయి. చిన్ చక్రవర్తి సమాధి దగ్గరి మట్టి సైనికులతో పాటు ఆ ట్రిగ్గర్లు కూడా బయటపడ్డాయి. కొత్తవాడు కొద్ది రోజుల్లోనే పనికొచ్చేంతగా నేర్చుకోగలడు. నా లెక్కలో క్రాస్‌బో అసలు గొప్ప ఇదే, దెబ్బ బలం కాదు.

దెబ్బ దగ్గర చాలామంది పౌండ్లు చూసి మోసపోతారు. 1000 పౌండ్ల ఉక్కు క్రాస్‌బో అనగానే 150 పౌండ్ల విల్లుకు ఏడింతలు అనుకుంటాం. కానీ బాణానికి అందే శక్తి ఎంత బలంతో లాగామన్నదాని మీదే కాక, నారి ఎంత దూరం తోస్తుందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. పొడవాటి విల్లులో నారి సుమారు 60 సెంటీమీటర్లు తోస్తుంది, ఆ పాత క్రాస్‌బోలో 15 చుట్టూ. 150ని 60తో, 1000ని 15తో గుణిస్తే 9000, 15000 వస్తాయి. ఏడింతల బరువు లాగితే నిల్వ అయ్యే శక్తి రెట్టింపు కూడా కాదన్నమాట. పైగా బరువైన ఉక్కు కొమ్ములు, అంటే వంగే రెండు చేతులు, కదలడానికే అందులో చాలా భాగం ఖర్చయిపోతుంది.

వేగంలో మాత్రం గేములు చెప్పేది నిజమే. ఆరితేరిన విలుకాడు నిమిషానికి పది బాణాలు వేయగలడు, గిలకల క్రాస్‌బోతో రెండు వేయడం కూడా కష్టం. 1346లో ఫ్రాన్స్‌లోని క్రేసీ దగ్గర ఇంగ్లిష్ విలుకాళ్లకు ఎదురుగా ఫ్రాన్స్ తరఫున నిలిచిన ఇటలీలోని జెనోవా క్రాస్‌బో సైనికులకు ఇది ప్రాణాల మీదికి వచ్చింది. నారి ఎక్కించేటప్పుడు చాటుగా ఉండాల్సిన పెద్ద డాళ్లు వెనక సామాను బళ్లలో ఉండిపోయాయి. కోట గోడ దొరికితే కథ మారుతుంది. 1199లో షాలూ కోటను ముట్టడించిన ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్, గోడ మీది నుంచి వచ్చిన క్రాస్‌బో దెబ్బ పుండై చనిపోయాడు. మైదానంలో, గుర్రం మీద విల్లు మేలు. గోడ మీద, కొత్తవాళ్ల చేతిలో క్రాస్‌బో మేలు.

ఇప్పుడు గేములు. చాలా గేముల్లో విల్లు నారి లాగి ఎంతసేపైనా అలాగే ఉండవచ్చు. స్కైరిమ్‌లో జూమ్ చేస్తే స్టామినా తగ్గుతుంది గానీ, ఊరికే లాగి పట్టుకుంటే ఏమీ కాదు. విల్లు నుంచి బరువు తీసేశాక క్రాస్‌బోకు సొంత గొప్ప మిగలదు. అందుకే దానికి అదనపు దెబ్బో, కవచాన్ని చీల్చే గుణమో తగిలించాల్సి వస్తుంది. 2012లో డాన్‌గార్డ్ అనే అదనపు భాగంతో స్కైరిమ్‌లోకి క్రాస్‌బో అలాగే వచ్చింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఇంకో అడుగు వేసి, విలుకాడినే అప్‌గ్రేడ్ చేసి క్రాస్‌బో సైనికుడిగా మారుస్తుంది. ఇద్దరూ ఒకే వేగంతో వేస్తారు! ఆటగా చక్కగా నడుస్తుంది, నాకూ ఇష్టమే, కానీ ఒకటి రెండోదానికి మెరుగైన రూపం అనే అభిప్రాయం చాలామందిలో ఇలాంటిచోటే పడుతుంది.

మౌంట్ అండ్ బ్లేడ్ వార్‌బ్యాండ్ నాకు అన్నిటికన్నా నచ్చింది. మంచి విల్లు పట్టాలంటే పవర్ డ్రా అనే నైపుణ్యం పెంచుకోవాలి, క్రాస్‌బోకు అది అక్కర్లేదు. విల్లు లాగి ఎక్కువసేపు ఆగితే గురి చెదిరిపోతుంది. బరువైన క్రాస్‌బోను గుర్రం మీద మళ్లీ లోడ్ చేయలేం. దెబ్బ అంకెలు పక్కనపెట్టినా ఏది ఎప్పుడు తీయాలో ఆటగాడికి దానంతట అదే తెలిసిపోతుంది.

మైన్‌క్రాఫ్ట్‌లో 2019లో వచ్చిన క్రాస్‌బోకు కూడా అసలు గుణం కొంత దక్కింది. ఒకసారి లోడ్ చేసి పక్కన పెట్టుకోవచ్చు, అవసరమైనప్పుడు తీసి వెంటనే వేయవచ్చు. గుంపు మీద పడితే పియర్సింగ్ అనే ఎన్‌చాంట్‌మెంట్ (ఆయుధానికి తగిలించే మంత్రశక్తి) ఉన్న క్రాస్‌బో తీయండి, ఒక్క బాణం వరసగా నిలబడ్డవాటిని చీల్చుకుంటూ పోతుంది. ఒక్క పెద్ద శత్రువైతే దెబ్బ పెంచే పవర్ 5 ఉన్న విల్లుకు సాటి లేదు, ఎందుకంటే ఆ ఎన్‌చాంట్‌మెంట్ క్రాస్‌బోకు పట్టదు.

గేముల్లో ఇష్టపడి నిజంగానే నేర్చుకోవాలనుకునేవాళ్లకు నా సలహా తక్కువ బరువున్న రికర్వ్ విల్లు (కొనలు ముందుకు వంగి ఉండేది). 20 పౌండ్ల చుట్టుపక్కల మొదలుపెడితే చాలు. లాగి పట్టుకోవడం మరీ కష్టమనిపిస్తే కాంపౌండ్ విల్లు ఉంది. పూర్తిగా లాగాక దాని చక్రాలు చాలా బరువును తీసేసుకుంటాయి, కాబట్టి క్రాస్‌బో సుఖం కొంత అక్కడే దొరుకుతుంది. క్రాస్‌బోనే కావాలంటే మాత్రం రెండు విషయాలు మరవద్దు. పట్టుకున్న చేతి బొటనవేలు నారి వెళ్లే దారిలోకి, బాణం జారే పట్టాకు పైకి, ఎప్పుడూ రాకూడదు. విల్లునైతే బాణం వేయకుండానే మెల్లగా దించవచ్చు. ఎక్కించిన క్రాస్‌బోను మామూలుగా అలా దించలేం. చాలావాటికి సురక్షితమైన లక్ష్యంలోకి బోల్ట్ (క్రాస్‌బో బాణం) వేసి ఖాళీ చేయడమే దారి. బోల్ట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కితే కొమ్ములే విరగవచ్చు.